‘రసీదు’ అంటే ‘చేరింది’

మా మామూకి వెల్డింగ్ దుకాణం ఉంది. గేట్లు, గ్రిల్లులు, రేకుల షెడ్లు చేస్తాడు. ఒకసారి ఒక సంస్థకు షెడ్డు వేసి ఇచ్చాడు. పైసలు అందకముందే మాట ఇచ్చిన మేనేజరు బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయన అడిగిన మొదటి మాట, ‘‘మీ ఇన్‌వాయిస్ ఏది?’’ మామూ దగ్గర ఉన్నదల్లా క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న కొలతలు. సగం పైసలు మునిగాయి. నేను గుస్సా అయితే, ‘‘జబాన్ ఇచ్చిండు గద బేటా, మళ్ల కాగజ్ ఎందుకనుకున్న’’ అన్నాడు.

మన ఇళ్లలో చాలామంది ఖయాల్ ఇదే. కాగజ్ అడిగితే ఎదుటివాడి మీద భరోసా లేనట్టు అనుకుంటాం. తారీఖ్ మాత్రం దీనికి ఉల్టా చెబుతుంది.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏది? సూరె బఖరాలోని 282వ ఆయత్. అది మాట్లాడేది లేన్‌దేన్ గురించే. గడువు పెట్టుకుని బాకీ చేస్తే రాసుకోవాలి. కాతిబ్ ఇన్సాఫ్‌తో రాయాలి. బాకీ పడినవాడే చెప్పి రాయించాలి. గవాహులు ఉండాలి. రఖం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకూడదు. అక్కడికక్కడ చేతులు మారే సౌదా అయితే రాయకపోయినా గునాహ్ లేదు. ఎందుకు రాయాలో కూడా అందులోనే ఉంది: రేపు షక్ రాకుండా. అంటే కాగజ్ భరోసాకు దుష్మన్ కాదు, దానికి కాపలా.

తర్వాత ఈ రాసే పని పెద్ద హునర్‌గా ఎదిగింది. ఇరాన్‌లో, ఉస్మానీ సల్తనత్‌లో, మొఘల్ దఫ్తర్లలో లెక్కలకు ‘సియాఖ్’ అనే ప్రత్యేక రాత ఉండేది. అరబీలో అంకెల పేర్లనే కుదించి గుర్తులుగా రాసేవారు. మన అంకెల్లో 100 పక్కన ఒక సున్నా పెడితే 1000 అవుతుంది. సియాఖ్‌లో అంత తేలిగ్గా దగా కుదరదు. 1582లో రాజా తోడర్‌మల్ రెవెన్యూ లెక్కలన్నీ ఫారసీలో రాయాలని హుకుం తెచ్చాక, ఆ జబాన్ నేర్చిన మున్షీలు మజ్హబ్ తేడా లేకుండా తయారయ్యారు. హైదరాబాద్ రియాసత్‌లో 1884లో ఫారసీ స్థానంలోకి ఉర్దూ వచ్చింది. దఫ్తర్ మాటలు మాత్రం చాలావరకు అవే నిలిచాయి.

ఆ మాటలు తెలుగులోనూ స్థిరపడ్డాయి. ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కాబట్టి నాకు ఇది చూస్తే ఖుషీ. ‘జమ’ అంటే కూడబెట్టడం. ‘ఖర్చు’ అంటే బయటికి పోవడం. ‘బాకీ’ అంటే మిగిలినది. ‘వసూలు’ అంటే చేరడం. ‘నకలు’, ‘హామీ’, ‘జామీను’ కూడా అరబీ మాటలే. ‘రసీదు’ ఫారసీ మాట, దాని అర్థం ‘చేరింది’. ‘తారీఖు’ అంటే తేదీ, ఉర్దూలో చరిత్ర కూడా. తేదీ వేయని బిల్లుకు చరిత్ర లేదన్నమాట.

ఇప్పుడు కాతిబ్ మన ఫోన్‌లోకే వచ్చాడు. 2005లో మొదలైన రైట్‌లీ అనే ఆన్‌లైన్ రాత పరికరాన్ని 2006లో గూగుల్ కొన్నది. అదే తర్వాత గూగుల్ డాక్స్ అయింది. మన చెన్నైలో పుట్టిన జోహో రైటర్ కూడా 2005 నాటిదే. ఖాళీ పేజీలో పైన దుకాణం పేరు, పతా. కింద బిల్లు నంబరు, తారీఖు, గ్రాహకుడి పేరు. తర్వాత ఒక పట్టిక: పని, పరిమాణం, ధర, మొత్తం. చివర ఎప్పటిలోగా చెల్లించాలో, బ్యాంకు వివరాలు, దస్తఖత్. కూడికలు మాత్రం రెండుసార్లు చూసుకోండి. ఒకసారి నమూనా చేసి పెట్టుకుంటే ప్రతి బిల్లుకూ దాని నకలు తీసుకోవచ్చు. పంపేటప్పుడు పీడీఎఫ్‌గా పంపండి, మార్చడం అంత తేలిక కాదు. మీ ఖాతాలోని అసలు కాపీలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వర్షన్ హిస్టరీ చూపిస్తుంది. సియాఖ్ చేసిన పనే, కొత్త లిబాస్‌లో.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రిజిస్టరైన వ్యాపారికి ఇన్‌వాయిస్ ఖానూన్ అయింది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు రెండుసార్లు రాకూడదు. రిజిస్ట్రేషన్ లేనివారు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. ఇంకొక మాట. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, రిజిస్టరైన చిన్న కార్‌ఖానాల నుంచి సరుకో సేవో తీసుకున్నవారు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. వడ్డీ మనం ముట్టకపోవచ్చు, కానీ అసలు రాబట్టుకోవడానికి ఆ ఖానూన్ పనికొస్తుంది. దాన్ని అడగాలన్నా చేతిలో తారీఖు ఉన్న కాగజ్ ఉండాలి.

మొన్న మామూకి నమూనా చేసి ఇచ్చాను. మొదటి బిల్లు తానే చెప్పాడు, నేను టైప్ చేశాను. పంపాక కాసేపు ఫోన్ వైపే చూస్తూ కూర్చుని అడిగాడు, ‘‘బేటా, ఆ షెడ్డుది ఇప్పుడు రాయొచ్చా?’’

నా దగ్గర జవాబ్ లేదు. మీ ఇంట్లో ఏ అబ్బా, ఏ చాచా ఇట్లా అడగకముందే, ఈ రోజే కూర్చుని ఒక నమూనా చేసి ఇవ్వండి.