అనుమతి లేని గంటకూ జీతం: ఒక అమెరికన్ హక్కు నడిచిన దారి

న్యూయార్క్‌లో షెఫీల్డ్ ఫార్మ్స్ అనే పాల కంపెనీ ఉండేది. ఇంటింటికీ పాలు వేసే బండి డ్రైవర్లు చేతిసాయానికి చిన్నపిల్లల్ని వెంట తిప్పుకునేవాళ్లు. పిల్లల్ని పెట్టుకోవద్దని కంపెనీ రూలు పెట్టింది. రూలు దారి రూలుది, పిల్లల దారి పిల్లలది. 14 ఏళ్లు నిండని ఒక పిల్లవాడి సంగతి కోర్టుకెక్కి, 1918లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా వచ్చింది. వాణ్ణి పనిలో పెట్టుకున్నది మేం కాదు, పైగా వద్దని చెప్పాం కూడా అన్నది కంపెనీ వాదన. ఆ కోర్టు న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో ఆ వాదనను ఒప్పుకోలేదు. పిల్లలు పనిలోకి రాకుండా చూసే బాధ్యత యజమానిదే, దాన్ని కిందివాళ్ల మీద వేసి చేతులు దులుపుకోవడం కుదరదన్నాడు. తగిన జాగ్రత్త తీసుకుంటే తెలిసే సంగతిని తెలియలేదంటే చెల్లదన్నాడు.

గంటల లెక్కన పనిచేసే అమెరికా ఉద్యోగి ఇవాళ, "ముందే వెళ్లిపోయిన రెండు గంటలూ మేనేజర్ని అడక్కుండానే తర్వాత పూడ్చుకున్నాను, అయినా జీతం ఇవ్వాల్సిందే" అని గట్టిగా అనగలుగుతున్నాడంటే ఆ మాటకు వేరు ఈ పాలబండి కేసులో ఉంది.

1938 జూన్ 25న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకంతో ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వచ్చింది. కనీస వేతనం గంటకు 25 సెంట్లు. వారానికి మొదట 44 గంటలు, తర్వాత 42, 1940 నుంచి 40. అవి దాటితే ఒకటిన్నర రెట్లు. కార్మిక శాఖ మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ దీనికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టింది. ఈ అంకెలు అందరికీ తెలిసినవే. అసలు బలం మాత్రం నిర్వచనాల సెక్షన్‌లో ఉంది. పనిలో పెట్టుకోవడమంటే ఏమిటో చెప్పేటప్పుడు, రాష్ట్రాల బాల కార్మిక చట్టాల్లోని మాటనే ఇక్కడికి తెచ్చుకున్నారు. పని చెయ్యమని చెప్పడమే కాదు, పని జరుగుతుంటే జరగనివ్వడం కూడా పనిలో పెట్టుకోవడం కిందికే వస్తుంది. పిల్లల్ని కాపాడటానికి పుట్టిన మాట అలా పెద్దల జీతం లెక్కలోకి వచ్చి చేరింది.

ఆ తర్వాతి పదేళ్లూ ఏది పనో, ఏది కాదో తేల్చుకోవడంతోనే గడిచాయి. 1945లో బ్రూక్లిన్ సేవింగ్స్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు ఉద్యోగి వదులుకుంటే పోయేది కాదని చెప్పింది. "ఆ గంటలకు డబ్బు అడగను" అని రాసిచ్చినా ఆ కాగితానికి విలువ లేదు. మరుసటి ఏడు మిచిగన్‌లోని మౌంట్ క్లెమెన్స్ కుండల ఫ్యాక్టరీ కేసు వచ్చింది. కార్డు పంచ్ చేసి బల్ల దాకా నడిచే నిమిషాలకు కూలి కావాలని కార్మికులు అడిగారు. కోర్టు ఇవ్వమంది. దానితోపాటు మరో మాట కూడా చెప్పింది, నా దృష్టిలో నడక కన్నా అదే పెద్దది. గంటల లెక్క రాసి ఉంచాల్సింది యజమాని. అతను రాయకపోతే కార్మికుడు తనకు గుర్తున్నంతలో న్యాయమైన అంచనా చెబితే చాలు. అది తప్పని చూపాల్సిన భారం యజమానిదే. లెక్క లేకపోవడం లెక్క ఎగ్గొట్టినవాడికే లాభమయ్యే పద్ధతికి అక్కడ అడ్డుకట్ట పడింది.

యజమానులు బెంబేలెత్తిపోయారు. ఆరు నెలల్లో 1,500కు పైగా దావాలు పడ్డాయి, అడిగిన మొత్తం దాదాపు 600 కోట్ల డాలర్లు. కాంగ్రెస్ ఆగమేఘాల మీద 1947 మేలో పోర్టల్ టు పోర్టల్ చట్టం చేసి, నడక సమయాన్ని లెక్కలోంచి తీసేసింది. బల్ల దగ్గర కూర్చుని చేసే పని జోలికి మాత్రం పోలేదు. కాబట్టి చెప్పకుండా చేసిన పని ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది.

దానికి సూటి జవాబు 1961లో వచ్చింది. పని గంటల మీద కార్మిక శాఖ ఆ ఏడాది ప్రకటించిన వివరణల్లో మూడు చిన్న పేరాలున్నాయి. అడగకపోయినా జరగనిచ్చిన పని పనే. ఉద్యోగి షిఫ్టు అయ్యాక కూడా ఎందుకు కూర్చున్నాడన్నది అనవసరం. తప్పు దిద్దుకోవడానికో, మిగిలింది పూర్తి చెయ్యడానికో, కారణం ఏదైనా ఒకటే. వద్దనుకుంటే జరగకుండా ఆపాల్సింది యాజమాన్యమే. ఆపకుండా చూస్తూ కూర్చుని, ఫలితం పుచ్చుకుని, జీతం దగ్గర "మేం అనుమతి ఇవ్వలేదే" అంటే కుదరదు. వద్దని సర్క్యులర్ తీస్తే సరిపోదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. అనుమతి రూలుకు విలువే లేదని కాదు. రూలు మీరిన ఉద్యోగికి మెమో ఇవ్వొచ్చు, ఉద్యోగంలోంచి తీసెయ్యొచ్చు కూడా. ఆ గంటల డబ్బును మాత్రం శిక్షగా ఆపుకోకూడదు. క్రమశిక్షణ పద్దు వేరు, జీతం పద్దు వేరు.

ఇక పూడ్చుకునే గంటల సంగతి. మన ఆఫీసుల్లో పర్మిషన్ పెట్టుకుని రెండు గంటలు బయటికి వెళ్లి, మర్నాడు ఆలస్యంగా కూర్చుని సర్దేస్తాం. ఎవరూ లెక్క కట్టరు. అమెరికాలో లెక్క కడతారు, కట్టే కొలత వారం. ఏ వారం లెక్క ఆ వారానిదే. ఈ వారం 38 గంటలు, వచ్చే వారం 42 చేసి, సగటు 40 వచ్చిందిగా అంటే ఒప్పుకోరు. రెండో వారంలో రెండు గంటలూ ఓవర్‌టైమే. రెండు వారాల మధ్య గంటలు సర్దుకునే వెసులుబాటు కావాలన్న కోరికలోంచి ప్రైవేటు రంగానికి కాంప్ టైమ్ (ఓవర్‌టైమ్ డబ్బుకు బదులు సెలవు) బిల్లులు పుట్టాయి. అలాంటిది 2013లోనూ 2017లోనూ ప్రతినిధుల సభ దాటింది, చట్టం మాత్రం కాలేదు.

అదే వారంలో పూడ్చుకుంటే? మొత్తం 40 దాటదు కాబట్టి ఓవర్‌టైమ్ ప్రశ్న రాదు. అనుమతి లేదని యజమాని ఆ రెండు గంటలూ ఎగ్గొడితే కేంద్ర చట్టంలో ఒక చిల్లు బయటపడుతుంది. 1960లో క్లింగ్‌హోఫర్ కేసులో రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పిన ప్రకారం, వారం జీతాన్ని మొత్తం గంటలతో భాగిస్తే కనీస వేతనం కన్నా తగ్గనంత వరకు ఆ చట్టం కింద నేరం లేదు. గంటకు 20 డాలర్ల మనిషికి రెండు గంటలు ఎగ్గొట్టినా సగటు 19 ఉంటుంది. ఆ 40 డాలర్లు రాబట్టుకోవాలంటే రాష్ట్రం వేతన చట్టాన్ని పట్టుకోవాలి. ఈ చిల్లును కాంగ్రెస్ ఇన్నేళ్లలో పూడ్చకపోవడం నాకు సబబుగా తోచదు.

రాష్ట్రాల్లో కాలిఫోర్నియాది ప్రత్యేకమైన కథ. అక్కడ వారం ఒక్కటే కాదు, రోజుకు 8 గంటలు దాటినా ఓవర్‌టైమే. గవర్నర్ పీట్ విల్సన్ హయాంలో 1997లో చాలా రంగాలకు ఆ రోజువారీ లెక్కను తీసేశారు. సంఘాలు మండిపడ్డాయి. 1999లో గ్రే డేవిస్ సంతకంతో వచ్చిన చట్టం దాన్ని మళ్లీ తెచ్చింది, 2000 జనవరి 1 నుంచి అమలైంది. అయితే సొంత పని మీద మంగళవారం ముందే వెళ్లి, బుధవారం ఎక్కువసేపు కూర్చుంటానన్న మనిషి ఏం కావాలి? ఆ రోజు పది గంటలైతే యజమాని ఓవర్‌టైమ్ కట్టాలి, కాబట్టి వద్దంటాడు. అందుకే 513వ సెక్షన్ చేర్చారు. ఉద్యోగి ప్రతిసారీ సంతకంతో రాతపూర్వకంగా అడగాలి, యజమాని ఒప్పుకోవాలి, అదే వారంలో పూడ్చాలి. అప్పుడు రోజుకు 11 గంటల దాకా, వారానికి 40 దాకా ఓవర్‌టైమ్ పడదు. అలా అడగమని ఉద్యోగిని యజమాని ప్రోత్సహించకూడదు.

లెక్క వేసి చూస్తే తమాషా తెలుస్తుంది. గంటకు 20 డాలర్ల ఉద్యోగి బుధవారం పది గంటలు చేసింది అనుకుందాం. ఉత్తరం రాసి ఒప్పించుకుంటే ఆ రోజు జీతం 200. ఉత్తరం లేకుండా, ఎవర్నీ అడక్కుండా చేస్తే, మేనేజర్ చూసీ చూడనట్టు ఊరుకుంటే, ఎనిమిది గంటలకు 160, మిగతా రెంటికి 30 చొప్పున 60, మొత్తం 220. అనుమతి లేని గంట అనుమతి ఉన్న గంట కన్నా యజమానికి ఖరీదు.

కోర్టులు ప్రతిసారీ ఉద్యోగి వైపే మొగ్గాయనుకుంటే పొరపాటు. ముందు ఉద్యోగుల మాట నెగ్గిన కేసు చూద్దాం. గోథమ్ రిజిస్ట్రీ అనే న్యూయార్క్ నర్సుల ఏజెన్సీ, ముందుగా అనుమతి తీసుకోని ఓవర్‌టైమ్‌కు అదనపు రేటు ఇవ్వబోమని టైమ్‌షీటు మీదే అచ్చువేసింది. ఆసుపత్రిలో షిఫ్టు నడుస్తుండగా ఉండమని అడిగితే నర్సు ఏజెన్సీకి ఫోన్ చేసి కూర్చుంటుందా? వారం తిరిగేసరికి టైమ్‌షీట్లు ఏజెన్సీ చేతికే వచ్చేవి, తెలియదనడానికి వీల్లేదు. 2008లో రెండో సర్క్యూట్ కోర్టు అది పనేనంది, ఓవర్‌టైమ్ చెల్లింపుపై ఏజెన్సీ మీద అంతకుముందే ఉన్న కోర్టు ఉత్తర్వును ధిక్కరించినట్టు మాత్రం కాదంది. అయితే యజమానికి తెలిసే దారిని ఉద్యోగే మూసేసిన చోట కథ అడ్డం తిరిగింది. 1981లో ఒరెగాన్ కిరాణా దుకాణం ఉద్యోగి, టైమ్‌షీటులో రాసి ఉంటే డబ్బు వచ్చేదని తానే ఒప్పుకుని ఓడిపోయాడు. 2012లో భోజన విరామంలో పనిచేసిన నర్సు, రాయడానికి పుస్తకం ఉన్నా రాయక ఓడిపోయింది. 2017లో డ్యూటీ దిగాక బ్లాక్‌బెర్రీలో మెసేజీలు చూసిన షికాగో పోలీసులకూ అదే గతి. అనుమతి లేకపోవడం ఒకటి, దాచడం ఒకటి. మొదటిది జీతాన్ని ఆపదు, రెండోది ఆపుతుంది.

రోజూ పడే నిమిషాలకూ లెక్క కట్టాల్సిందేనని 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఒక స్టార్‌బక్స్ షిఫ్టు సూపర్‌వైజర్ పంచ్ అవుట్ అయ్యాక అమ్మకాల వివరాలు కంప్యూటర్లో పంపేవాడు. ఆ తర్వాత అలారం పెట్టి, తాళం వేసి, తోటివాళ్లను కార్ల దాకా సాగనంపేవాడు. రోజుకు 4 నుంచి 10 నిమిషాలు. పదిహేడు నెలలకు కలిపి 12 గంటల 50 నిమిషాలు, 102 డాలర్ల 67 సెంట్లు. ఇంత చిల్లరకు కోర్టా అన్నది కంపెనీ. ఆ డబ్బుతో కరెంటు బిల్లు కట్టొచ్చు, వారం సరుకులు కొనొచ్చు అంది కోర్టు.

కొవిడ్ వచ్చి పని ఇంటికి చేరాక, 2020 ఆగస్టులో కార్మిక శాఖ మళ్లీ అదే మాట చెప్పింది: కంటికి ఎదురుగా లేకపోయినా, తెలుసుకోగల పనికి కట్టాల్సిందే. కాకపోతే గంటలు నమోదు చేసే దారి ఒకటి సక్రమంగా పెట్టిన యజమాని, ఉద్యోగి లాగిన్ల చిట్టాలన్నీ తవ్వక్కర్లేదని వెసులుబాటు ఇచ్చింది. ఎగ్గొట్టిన జీతం కోసం కేంద్ర చట్టం కింద దావాకు గడువు రెండేళ్లు, కావాలని ఎగ్గొట్టినట్టయితే మూడు.

ఈ హక్కుల్లో చాలా వరకు అమెరికాలో పనిచేసే మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు వర్తించవు. నెలజీతం మీద మినహాయింపు జాబితాలో ఉన్నవాళ్లకు రెండు గంటలు ముందు వెళ్లినందుకు జీతం కొయ్యకూడదు, ఎక్కువ కూర్చున్నందుకు ఇవ్వక్కర్లేదు. గంటల లెక్కన పనిచేసే ప్రోగ్రామర్‌కైతే గంటకు 27.63 డాలర్లు ముడితే చాలు, కేంద్ర ఓవర్‌టైమ్ పోతుంది. కనీస వేతనం 4.25 డాలర్లుగా ఉన్న రోజుల్లో దానికి ఆరున్నర రెట్లు అని వేసిన అంకె అది. 1996లో కనీస వేతనం పెంచుతూ దీన్ని మాత్రం అక్కడే మేకు కొట్టేశారు. వెండర్ కింద గంటకు 60 డాలర్లకు పనిచేసే టెక్సాస్ కన్సల్టెంటు వారానికి 50 గంటలు చేసినా, ఆ చివరి పది గంటలకు ఒకటిన్నర రెట్లు అడగడానికి ఆధారం లేదు. అదే వీధి చివర ఇండియన్ స్టోర్ కౌంటర్లో గంటల కూలికి నిలబడే కుర్రాడికి ఉంది, మేనేజర్ ఉండమనకపోయినా సరే, ఉండగా చూస్తే చాలు.