నెలసరి బాధలకు వైద్యము : కొన్ని చారిత్రక విషయములు

శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల నిర్మాణమును, బిషప్పుల సేవలను, పాఠశాలల అభివృద్ధిని స్మరించుట మన వాడుక. స్త్రీల సమాజము తరపున మేము, ఇంటిలో సహితము గొంతు తగ్గించి మాటలాడుకొను ఒక విషయమును సంఘము ముందుంచుచున్నాము. అది ముట్టు సమయమందలి నొప్పి, క్రమము తప్పిన ముట్టు. ఈ బాధకు స్త్రీ వైద్యసహాయము కోరుట ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనుట మనకందరికిని మేలు.

మార్కు సువార్త 5వ అధ్యాయములో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని మనమెరుగుదుము. వైద్యులకే ఉన్న సొమ్మంతయు అయిపోయినను ఆమె బాధ తగ్గలేదు. లేవీయకాండము 15వ అధ్యాయము ప్రకారము ఆమె అపవిత్రురాలు గనుక జనములో చాటుగా వచ్చెను. ప్రభువైతే ఆమెను గద్దింపక, ఆమె చెప్పినదంతయు అందరి ఎదుట వినెను.

అట్లు వినుట వైద్యులకు చాలకాలము అలవడలేదు. 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున రాబర్ట్ బాటీ అను శస్త్రవైద్యుడు ముట్టు బాధలు పోవుటకై అండాశయములను తీసివేయు పద్ధతిని ఆరంభించెను. ఆ విధముగా జబ్బులేని అండాశయములు కూడ ఎన్నో తీసివేయబడెను. 1873లో బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్, ఎదుగుచున్న ఆడపిల్లలు మగపిల్లలతో సమముగా చదివినచో వారి ఆరోగ్యము చెడునని ఒక పుస్తకము వ్రాసెను.

దీనికి తగిన జవాబు చెప్పినది డాక్టర్ మేరీ పట్నం జకోబి. ఆమె ప్రశ్నపత్రములు పంపి స్త్రీలనే అడిగెను. వారి నాడిని, కండరముల బలమును కొలిచెను. ముట్టు దినములలో స్త్రీలందరును పని, చదువు మానవలెనన్న వాదమునకు ఆధారము లేదని చూపెను. ఆ వ్యాసమునకు 1876లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు బాయిల్‌స్టన్ బహుమానము లభించెను.

జకోబి 1864లో పట్టము పొందినది ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో. అదే కళాశాలలో చదివిన క్లారా స్వెయిన్ 1870లో బెరేలీకి మిషనరీ వైద్యురాలిగా వచ్చిరి. ఆనందీబాయి జోషి అక్కడనే 1886లో పట్టభద్రురాలైరి. 1879లో అక్కడ పట్టము పొందిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో మన గుంటూరుకు వచ్చిరి. మొదట మిషను వారు ఆమెను వైద్యమునకై పంపలేదు. 1885లోగాని ఆమెను వైద్య మిషనరీగా నియమింపలేదు. 1898లో ఆమె ఆసుపత్రి తెరవబడెను. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూసిరి.

ఘోషా స్త్రీలు పురుష వైద్యునికి నాడి చూపుటకు కూడ వెనుదీయు కాలమది. మద్రాసు వైద్య కళాశాలలో 1875లో నలుగురు స్త్రీలకు ప్రవేశము లభించెను. 1885లో అక్కడ ఘోషా ఆసుపత్రి వెలసెను. తన లోపలి బాధను మరియొక స్త్రీకి చెప్పుకొనుటకు ఇట్టి చోట్ల వీలు కలిగెను.

కారణములు తెలియుటకు ఇంకను కాలము పట్టెను. 1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్, అండాశయములలో నీటి బుడగలవంటివి ఏర్పడి ముట్టు తప్పిపోవు వ్యాధిని వివరించిరి. నేడు దానినే పి.సి.ఓ.ఎస్. అందురు. 1957లో ఇంగ్లండులో పికిల్స్ అను శాస్త్రజ్ఞుడు ముట్టు రక్తములో కండరములను బిగించు పదార్థమున్నదని కనుగొనెను. అవియే ప్రోస్టాగ్లాండిన్లు. గర్భసంచి గట్టిగా ముడుచుకొని నొప్పి కలుగుట వీటివలననే. ఆస్పిరిన్ వంటి మందులు వాటి ఉత్పత్తిని తగ్గించునని 1971లో జాన్ వేన్ చూపెను. కాబట్టి ఆ నొప్పి భ్రమయు కాదు, శాపమును కాదు.

అయినను "పెండ్లయితే అదే తగ్గును" అని తల్లులు నేటికిని చెప్పుచున్నారు. శొంఠి కషాయము, వేడినీటి కాపడము కొంత ఉపశమనమిచ్చును. వాటితో ఆగిపోవుట తగదు. రజస్వలయైన మొదటి కొన్ని సంవత్సరములు క్రమము తప్పుట సహజమే. కాని మూడు నెలలు ముట్టు రాకున్నను, రక్తస్రావము ఏడు దినములు మించినను, గడ్డలుగా పోవుచున్నను, బడి మానవలసినంత నొప్పి ఉన్నను డాక్టరుకు చూపవలెను. థైరాయిడ్ లోపము, ఎండోమెట్రియోసిస్ వంటివి ఇట్లే బయటపడును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదు. అధిక రక్తస్రావము దానిని ఇంకను పెంచును.

మన పెద్దలు ఆసుపత్రులు కట్టి తలుపులు తెరిచిరి. ఆ తలుపు వరకు బిడ్డను నడిపించుకొని పోవుట తల్లుల పని. బస్సు ఖర్చులకు, పరీక్షలకు వెనుకాడకుండుట తండ్రుల పని. సండేస్కూలు టీచరమ్మలు, స్త్రీల సమాజ సభ్యురాండ్రు ఈ సంగతిని పిల్లలతో సూటిగా మాటలాడవలెనని మేము కోరుచున్నాము. నీకు ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా అని ముందుగా అడుగుదము, చెప్పినది నమ్ముదము.