కళ్ళు సగం మూసి చూడు!

చిన్నప్పుడు నాకు రాజమండ్రిలో గోదావరి గట్టున కూర్చుని బొమ్మలు వేసే పిచ్చి ఉండేది. ఓ సాయంత్రం హేవ్‌లాక్ వంతెన వేద్దామని కూర్చున్నాను. 1900లో రైళ్ళు నడవడం మొదలైన ఆ వంతెనకి 56 స్పానులు. ఒక్కటీ పోకూడదని లెక్కపెట్టి మరీ వేస్తున్నాను. ముప్ఫయ్యోదాని దగ్గరికి వచ్చేసరికి కాగితమూ అయిపోయింది, పొద్దూ వాలింది.

వెనకనించి మా డ్రాయింగు మాస్టారు తొంగిచూశారు.

“ఏవిట్రా అబ్బాయ్, ఇది బొమ్మా, కంట్రాక్టరు బిల్లా?”

“ఉన్నవన్నీ వెయ్యొద్దూ మాస్టారూ?”

“కళ్ళు సగం మూసి చూడు. ఏం మిగిలింది?”

చూశాను. పైన వెలుగు, కింద వెలుగు, మధ్య ఒక నల్లగీత. అంతే!

“అదే వెయ్యి. తక్కినవి చూసేవాడు వేసుకుంటాడు” అన్నారు. పాత కాగితం చింపేసి, నల్లగీత వేశాను.

ఈ విద్యకోసం 18వ శతాబ్దపు ఇంగ్లీషువాళ్ళు ఒక పనిముట్టే వాడారని తరవాతెప్పుడో చదివాను. దాని పేరు క్లాడ్ అద్దం. 17వ శతాబ్దపు చిత్రకారుడు క్లాడ్ లొరేన్ పేరుమీద పిలిచేవారు. జేబులో పట్టేంత, కాస్త ఉబ్బెత్తుగా, నల్లగా ఉంటుంది. దృశ్యానికి వీపు పెట్టి నిలబడి, అందులో చూడాలి. రంగులు మాసి, ఆకూ కొమ్మా కలిసిపోయి, నాలుగైదు ముద్దలు మిగుల్తాయి. థామస్ గ్రే అనే కవి 1769లో లేక్ డిస్ట్రిక్టులో ఈ అద్దం చేత్తో పట్టుకుని, బురదదారిలో వెల్లకిలా పడ్డాడు. వేళ్ళ కణుపులు కొట్టుకుపోయాయి. అయినా సూర్యాస్తమయం చూసేగాని కదల్లేదట!

మన దేశం వచ్చిన చిత్రకారుల్లోనూ ఈ పేచీ ఉంది. విలియం హోడ్జెస్ 1780లో మద్రాసులో దిగాడు. కోటలనీ కొండలనీ వెలుగునీడల ముద్దలుగా వేసి, చిల్లర వివరాలు వదిలేసేవాడు. 1786లో కలకత్తా వచ్చిన థామస్ డేనియల్, అతని సోదరుడి కొడుకు విలియం అలా కాదు. కెమెరా అబ్‌స్క్యూరా అనే చీకటిపెట్టెలో పడే నీడని గీసుకునేవారు. హోడ్జెస్ వేసిన చోట్లకే వెళ్ళి, అతని బొమ్మల్లో తప్పులు పట్టారు. 1795 నించి 1808 దాకా 144 చిత్రాలు అచ్చువేశారు.

మాస్టారి శిష్యుణ్ణి కదా, నా ఓటు హోడ్జెస్‌కే! అమరావతి సంగతి తెలిసేదాకా.

18వ శతాబ్దం చివర, అమరావతిలో దీపాలదిన్నెని ఇళ్ళ రాళ్ళకోసం తవ్వారు. కోలిన్ మెకంజీ ఆ రోజుల్లోనే ఒకసారి చూసి వెళ్ళాడు. 1816లో తిరిగి వచ్చేసరికి స్తూపం మధ్యభాగం చెరువుకోసం తవ్విన గొయ్యి అయింది. మిగిలిన శిల్పాల్ని అతని బృందంలోని చిత్రకారులు ఒక్కొక్కటే గీశారు. ఏనుగులూ, పద్మాలూ, పలక విరిగిన అంచులూ, ఏదీ వదల్లేదు. తరవాత వాటిలో కొన్ని రాళ్ళు కనబడకుండా పోయాయి. ఇప్పుడు మనకి మిగిలింది కాగితాల మీది బొమ్మే.

వాళ్ళూ కళ్ళు సగం మూసుకుని ఉంటేనో? మనకి ఒక దిబ్బా, దానిమీద మంచి వెలుగూ మిగిలేవి.

మాస్టారు చెప్పింది తప్పని కాదు. బొమ్మ కావాలంటే కళ్ళు సగం మూయాల్సిందే. సాక్ష్యం కావాలంటే మాత్రం రెండూ బాగా తెరవాలి. ఏ పనిమీద కూర్చున్నామో ముందే తేల్చుకుంటే సరి. నాకు ఓపిక ఉన్నప్పుడు ఇప్పుడు రెండు కాగితాలు తీసుకెళ్తాను.

హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. నా నల్లగీత ఇంకా గోడమీద ఉంది. అందంగానే ఉంటుంది. కానీ మా మనవడు, “ఇదేమిటి తాతా?” అని అడిగినప్పుడల్లా, ఆ 56 స్పానులూ నోటితో చెప్పాల్సి వస్తోంది.