ఒకే చెవికి లొంగే తాళాలు

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇనుపసామాన్ల కొట్టుకు వెళ్లి వీధి తలుపుకు, పెరటి తలుపుకు, మేడ మీది గదికి, గేటుకు కలిపి ఒకే చెవితో తీసే నాలుగు తాళాలు కావాలని అడగడం ఇప్పుడు కొత్తేమీ కాదు. కొట్టులో అలాంటి జత చాలాసార్లు సిద్ధంగా ఉండదు. కంపెనీకి రాయాలి, సరుకు వచ్చేదాకా ఆగాలి, వచ్చాక నాలుగూ కలిశాయో లేదో తిప్పి చూసుకోవాలి, కలవకపోతే మళ్లీ ఫోన్లు చేయాలి. చెవుల గుత్తి బరువు తగ్గించుకోవడానికి ఇంత తతంగమా అనిపిస్తుంది. నిజానికి ఆ తతంగమే ఈ సరుకులో ముఖ్యభాగమని నా వాదన. రెండు తాళాలు ఒకే చెవికి తెరుచుకోవడం శతాబ్దాల పాటు తయారీలోని లోపం, కొన్నవాడికి తెలియని లోపం. అది కోరి తెప్పించుకునే సౌకర్యంగా మారాలంటే మంచి లోహమూ, మంచి పనితనమూ చాలలేదు. ఏ తాళానికి ఏ చెవి ఇచ్చామో రాసిపెట్టే పద్దు ఉండాల్సి వచ్చింది, ఆ పద్దు చూసి జవాబు చెప్పే మనిషి ఉండాల్సి వచ్చింది.

ఐరోపాలో రోమన్ల కాలం నుంచి 18వ శతాబ్దం దాకా ఎక్కువగా వాడిన తాళం చాలా సాదాది. లోపల ఇనుప అడ్డుబద్దలు ఉంటాయి. వాటికి తగలకుండా తిరిగేలా చెవి రేకులో గాట్లు కోస్తారు. పైకి చూస్తే ఒక్కో చెవిది ఒక్కో ఆకారం, నగిషీల వంటి గాట్లు. కానీ అడ్డుబద్దల పని తప్పుడు చెవిని ఆపడం వరకే. గడియను నిజంగా కదిలించేది చెవి చివరి అంచు ఒక్కటే. ఆ అంచు మాత్రం మిగిల్చి మిగతాదంతా అరగదీస్తే ఆ చెవి అడ్డుబద్దలన్నిటినీ తప్పించుకుంటుంది, అలాంటి తాళాలు వరసగా తెరుచుకుంటాయి. దొంగల దగ్గర ఉండే బోడిచెవి ఇదే. అంటే ఒకే చెవికి లొంగడం అప్పట్లో ఎవరూ అడగకుండానే వచ్చేది. పనిమంతులైన తాళాల తయారీదారుల పట్టుదలంతా దీనికి ఎదురుగా సాగింది. ఇంగ్లండులో 1778లో రాబర్ట్ బారన్ తాళం లోపలి లివర్లనే పలకలను సరిగ్గా కావలసినంత ఎత్తుకే లేపాలనే పద్ధతి తెచ్చాడు. 1784లో జోసెఫ్ బ్రామా ఇంకా కట్టుదిట్టమైన తాళానికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని చెవి లేకుండా తీసినవారికి 200 గినీల బహుమతి అని లండన్ దుకాణం కిటికీలో పెట్టిన సవాలు దశాబ్దాల పాటు నిలిచింది. లండన్‌లో 1851లో జరిగిన మహా ప్రదర్శనకు అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ పదహారు రోజుల వ్యవధిలో మొత్తం యాభై గంటలకు పైగా శ్రమించి దాన్ని తీశాడు. ఏ తాళమూ మరో తాళంలా ఉండకూడదన్నదే ఆ కాలం ఆదర్శం.

మరి కావాలనే చాలా తలుపులకు ఒక చెవి చేయించుకున్నది ఎవరు? మామూలు గృహస్థులు కారు, జైళ్ల వంటివి. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ డాక్‌యార్డులో 1817లో జరిగిన దొంగతనం తరువాత ప్రభుత్వం మెరుగైన తాళం కోసం పోటీ పెట్టింది. మరుసటి ఏడు జెరెమియా చబ్ ‘డిటెక్టర్’ తాళానికి పేటెంటు పొందాడు. తప్పుడు చెవి తిప్పితే అది బిగుసుకుపోయి, ఎవరో ప్రయత్నించారని యజమానికి చెప్పేస్తుంది. అదే చబ్ సంస్థ తరువాత వెస్ట్‌మినిస్టర్ బ్రైడ్‌వెల్ జైలుకు 1,100 తాళాలను ఒకే వరుసగా చేసి ఇచ్చింది. కావలివాళ్ల చెవులు వేరు, వాళ్ల పైవాళ్ల చెవులు వేరు, గవర్నరు చెవి వేరు. ఏ తాళాన్నైనా తప్పుడు చెవితో కదిపితే కింది చెవులేవీ పనిచేయవు. తాళాన్ని మళ్లీ యథాస్థితికి తేగలిగింది గవర్నరు చెవి ఒక్కటే కాబట్టి సంగతి ఆయనకు తెలియక తప్పదు. ఆ చెవుల అమరికలో ఉన్నది అధికారుల అంతస్తుల పట్టికే. ఇక చేతితో ఆకురాయి పట్టి లివర్లు అరగదీసే రోజుల్లో 1,100 తాళాలను అలా పొందికగా నడిపించాలంటే ఏ నంబరు తాళంలో ఏ లివరు ఎంత ఎత్తులో ఉందో రాతపూర్వకంగా లేకుండా సాధ్యపడదు. రాజ్యం భరించగల ఖర్చు కాబట్టి జైలుకు అది దక్కింది. మామూలు ఇంటికి అందలేదు.

అందేలా చేసినవాడు లైనస్ యేల్ జూనియర్. ప్రాచీన ఈజిప్టు కొయ్యతాళాల్లో ఉన్న పిన్నుల సూత్రాన్ని ఆయన తండ్రి 1840లలో మళ్లీ చేతిలోకి తీసుకుంటే, కొడుకు 1861, 1865 పేటెంట్లతో దాన్ని చిన్న సిలిండరుగా, పలచని చదునైన చెవిగా మార్చాడు. 1868లో హెన్రీ టౌన్‌తో కలిసి కనెక్టికట్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో కర్మాగారం మొదలుపెట్టి, ఆ ఏడు డిసెంబరులోనే కన్నుమూశాడు. ఆయన తాళంలో చెవి అంటే కొన్ని గాట్ల లోతులు, అంతే. అయిదు పిన్నులు, ఒక్కోదానికి ఆరు లోతులు అనుకుంటే అయిదంకెల సంఖ్య ఒకటి చాలు, ఆ చెవిని ఎవరైనా ఎక్కడైనా మళ్లీ కోయవచ్చు. నాలుగు సిలిండర్లలో అదే వరుసలో పిన్నులు పోస్తే నాలుగూ ఒకే చెవివి. చబ్ పనివాడికి నెలల శ్రమ అయినది ఇక్కడ ఉత్తరంలో ఒక వాక్యం. ఈ నంబరు పద్ధతి కార్లలోనూ కనిపిస్తుంది: ఫోర్డ్ మోడల్ టి కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చాక స్విచ్చి మీద, చెవి మీద ఒక నంబరు కొట్టేవారు. చెవి పోతే డీలరు ఆ నంబరు చూసి మరోటి ఇచ్చేవాడు. లక్షల కార్లకు ఆ నంబర్లు మాత్రం రెండు డజన్లకు అటూ ఇటూ. పొరుగువాడి చెవితో మన కారు కదలడం అప్పుడు వింతేమీ కాదన్నమాట. పైన చెప్పిన లెక్కలో కూడా అయిదు పిన్నులు, ఆరు లోతులకు వచ్చే కలయికలు 7,776 మాత్రమే. పక్కపక్కన మరీ లోతు తేడా ఉన్నవి పనికిరావు కాబట్టి ఇంకా తగ్గుతాయి. లక్షల్లో అమ్మే కంపెనీ ఏదైనా అదే చెవిని మళ్లీ మళ్లీ అమ్మక తప్పదు. అనుకోని పోలిక ఇప్పటికీ పోలేదు; సరుకు వేర్వేరు ఊళ్లకు చెదిరిపోవడం వల్ల కనబడదు.

ఆర్డర్లు ఎందుకు తప్పుతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. చెవి కన్నం ఆకారం ఒక్కో కంపెనీకి ఒక్కోటి. ఒకే కంపెనీలో కూడా తలుపులో దిగేసే తాళం, పైన బిగించే తాళం, తాళంకప్ప వేర్వేరు వరుసలవి కావచ్చు. ఒకదాని చెవి రెండోదానిలో దూరదు. ఇల్లు పూర్తయిన రెండేళ్లకు అయిదో తలుపు పెట్టి అదే చెవికి తాళం కావాలంటే పాత నంబరు ఉండాలి, ఆ వరుస ఇంకా తయారవుతుండాలి. ఫోనులో అవతలివాళ్లు నంబరు అడిగితే విసుక్కుంటాం కానీ, వాళ్ల దగ్గర మన తాళం గురించి మిగిలిన ఆధారం అదొక్కటే. అమ్మకందారు చేయాల్సిన సేవ కూడా అదే: ఆర్డరు తీసుకునేటప్పుడే ఏ వరుసలు కలుస్తాయో, ఏవి కలవవో చెప్పడం. అది చెప్పకుండా డబ్బు కట్టించుకుని, తరువాత కొనుగోలుదారును గదమాయించడం అన్యాయం. ఈ మాట గట్టిగానే అనాలి.

మన దేశపు అనుభవం ఈ వాదనకు విరుద్ధం కదా అని అడగవచ్చు. దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఒక్కో తాళం ఒక్కో కార్మికుడి చేతిపని అయినందుకే వాటికి పేరు. 1897లో బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ మొదలుపెట్టిన తాళాల వ్యాపారమూ ఒక చెవితో మరోటి తెరుచుకోదన్న నమ్మకం మీదే నిలబడింది. ఇక మన ట్రెజరీల్లో, గుళ్లలో పద్ధతి పూర్తిగా తలకిందులు. అక్కడ ఒక తలుపుకే రెండు మూడు తాళాలు, ఒక్కో చెవి ఒక్కొక్కరి చేతిలో. ట్రెజరీ అధికారి, షరాబు ఇద్దరూ వస్తేగాని స్ట్రాంగ్ రూము తెరుచుకోదు. అయితే ఈ పద్ధతి కూడా ఇనుము మీద కంటే పద్దు మీదే ఎక్కువగా ఆధారపడింది. ఎవరు ఎవరికి అప్పగించారు, నకలు చెవి ఎక్కడుంది అన్నది రిజిస్టరులో లేకపోతే రెండు తాళాలైనా దండగే. పూరీ జగన్నాథుని రత్నభండారం లోపలి గది చెవి కనబడటం లేదని 2018లో బయటపడింది. కొన్నాళ్లకు కలెక్టరు రికార్డు గదిలో నకలు చెవులు దొరికాయన్నారు. 2024 జూలైలో గది తెరవబోతే ఆ చెవులు పనిచేయక తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. అక్కడ తాళం గట్టిగానే నిలిచింది, తప్పింది చెవుల లెక్క.

బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: ఒక్క చెవి పోతే అన్ని తలుపులూ పోయినట్టే. అది నిజం. 2003లో మాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు, అన్ని గదులనూ తీసే మాస్టర్ చెవి ఉన్న భవనంలో ఒక గది చెవీ ఆ తాళమూ దొరికితే చాలు, కొద్దిపాటి ఉత్తచెవులు అరగదీస్తూ మాస్టర్ చెవినే కనిపెట్టవచ్చని చూపాడు. అమెరికా వెళ్లే మన కుటుంబాలు సూట్‌కేసులకు కొనే, ఎర్ర వజ్రం గుర్తున్న తాళాలను అక్కడి విమానాశ్రయ భద్రతా సిబ్బంది కొద్ది రకాల చెవులతోనే తెరుస్తారు. 2014లో ఒక పత్రికలో ఆ చెవుల ఫోటో వచ్చింది, మరుసటి ఏడు త్రీడీ ప్రింటరుతో వాటిని చేసేశారు. కానీ ఈ రెండు ఉదాహరణలూ నాలుగు తలుపుల ఇంటికి వర్తించవు. మాస్టర్ పద్ధతిలో ప్రతి సిలిండరూ రెండు చెవులకు తెరుచుకోవాలి కాబట్టి పిన్నులను అదనంగా ముక్కలు చేస్తారు, ఆ సందే బ్లేజ్ వాడుకున్న బలహీనత. ఒకే చెవి తాళాల్లో ఆ అదనపు ముక్కలు ఉండవు, అందువల్ల విడివిడిగా ఏ తాళమూ నీరసపడదు. ఇక సూట్‌కేసు తాళాల చెవి బయటపడ్డాక మార్చే దారి లేదు, కోట్ల పెట్టెలు ఎవరి దగ్గరున్నాయో పద్దు ఏదీ లేదు. ఇంటి యజమానికి ఆ ఇబ్బంది లేదు. తాళాలు ఎన్నో, ఎక్కడున్నాయో ఆయనకు తెలుసు. నాలుగు సిలిండర్లు మార్పిస్తే పోయిన చెవి ఉత్త రేకు. జాగ్రత్త పడాల్సింది చెవి మీద అచ్చుకొట్టి వచ్చే నంబరు విషయంలో. కొన్ని రకాల్లో అది గాట్ల లోతులే, చూసినవాడెవడైనా చెవి కోయించుకోవచ్చు. కంపెనీ పద్దులో వెతికితే తప్ప అర్థం కాని గుప్త నంబరు వేయమని, దాన్ని చెవి మీద కాక విడి కార్డు మీద ఇవ్వమని ఆర్డరులోనే రాయించడం మంచిది.