పై పన్ను భయం

"కింది పన్నయితే పీకండి బాబూ, పై పన్ను జోలికి మాత్రం వెళ్ళొద్దు. కంటికి దెబ్బంట."

సర్కారు ఆసుపత్రిలో పళ్ళ డాక్టరుగా ఉన్నన్నాళ్ళూ, మనవళ్ళ చెయ్యి పట్టుకొచ్చే అమ్మమ్మల నోట ఈ మాట వినని వారం లేదు. మొదట్లో విసుక్కునేవాణ్ణి. సుశ్రుత సంహిత తిరగేశాక ఆ విసుగు పోయింది.

చిగురులో చీము దారి చేసుకున్న పన్నుని పీకెయ్యమన్నవాడే సుశ్రుతుడు. అయితే పై వరస పన్ను కదులుతున్నా సరే, పీకొద్దన్నాడు. పీకితే నెత్తురు ఆగదు, కన్ను పోవచ్చు, మూతి వంకర పోవచ్చు అన్నాడు. మత్తుసూది లేని కాలపు వైద్యుడికి ఆ జాగ్రత్త తప్పు కాదు. పై పంటి చీము కంటి కిందికి పాకి, తెల్లారేసరికి పిల్లాడి కన్ను మూసుకుపోవడం నేనూ చూశాను. కాకపోతే అక్కడ దోషం పీకుడుది కాదు, పీకకుండా వదిలేసిన చీముది. చూపు నరం వేరు, పై పళ్ళకొచ్చే నరం వేరు.

మా చిన్నప్పుడు ఊళ్ళో పళ్ళ డాక్టరు లేడు. కదిలే పాలపన్నుకి అమ్మ దారం కట్టి లాగేది. దవడ పన్ను సలిపితే మంగలి దగ్గరికి. ఊడిన పన్నుని పేడలో పెట్టి పెంకుల మీదికి విసిరేవాళ్ళం. దారం పని చెయ్యడంలో వింతేమీ లేదు. కింద అసలు పన్ను పైకొస్తుంటే పాలపంటి వేరు తనంతట తానే కరిగిపోతుంది.

చదువు లేకుండా పళ్ళు పీకేవాళ్ళని లెక్కలోకి తెచ్చింది 1948 నాటి దంతవైద్యుల చట్టం. అప్పటికి అయిదేళ్ళుగా ఆ పనితోనే బతుకుతున్నవాళ్ళకి పట్టికలో 'బి' భాగం అని వేరే చోటిచ్చింది. ఇప్పుడు మేం వాడే లిగ్నోకైన్ మత్తుమందు స్వీడన్‌లో అమ్మకానికొచ్చిందీ ఆ ఏడే. పిల్లలకి సూది భయం మాత్రం ఇంకా పోలేదు, అది వేరే సంగతి.

నా బాధల్లా ఒక్కటే. పీకాల్సిన పై పన్నుకి భయపడే ఇళ్ళల్లోనే, పీకకూడని పన్ను నిశ్చింతగా పోతుంది. ఆరేళ్ళ వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నిటి వెనకా ఒక దవడ పన్ను వస్తుంది. ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నేననుకుంటారు. పుచ్చితే "పోనీలెండి, మళ్ళీ వస్తుందిగా, పీకెయ్యండి" అంటారు. అది మళ్ళీ రాదు.

ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలుంటే ఈ రాత్రే నోరు తెరిపించి చూడండి. పాలపళ్ళు మొత్తం ఇరవై, మధ్య నుంచి లెక్కపెడితే ఒక్కో పక్కకి అయిదు. ఆరోది కనిపిస్తే అది అసలు పన్ను.