ఆ బొంగురు ఎక్కడ పుట్టింది?

1961లో అమెరికాను ఊపిన 'డోంట్ వర్రీ' పాట చాలా మెత్తగా మొదలవుతుంది. మార్టీ రాబిన్స్ గొంతులో ఎక్కడా గరుకు లేదు. పక్కన పియానో కూడా నెమ్మదే. పాట మధ్యలో గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ గిటారు అందుకుంటాడు. అంతే, రికార్డు చెడిపోయిందేమోనని సూది ఎత్తి చూడాలనిపించేంత బొంగురు! అది తీగవాద్యమో, గొంతు పూడిన బాకానో చెప్పలేం. ఆ కొద్ది సెకన్లు గడిచాక పాట మళ్లీ ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. కంట్రీ సంగీతం పట్టికలో మొదటి స్థానానికి, పాప్ పట్టికలో మూడో స్థానానికి ఎక్కిన పాట ఇది.

ఆ బొంగురు ఎక్కడ పుట్టింది? తీగలోనా, స్పీకరులోనా, స్టూడియో యంత్రంలోనా? అరవై ఏళ్లనాటి ఈ ప్రశ్న నాకు ముఖ్యం కావడానికి కారణం మన ఊళ్లోనే ఉంది. అనంతపురంలో ఇంటి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని గిటారు రికార్డు చేసుకునే కుర్రాళ్లు అడిగేదీ ఇదే. గదిలో పులిలా గర్జించిన డిస్టార్షన్ రికార్డులో ఈగల రొదలా ఎందుకు వస్తోంది? గెయిన్ ఇంకా పెంచాలా? పాత చిక్కు విప్పితే కొత్త ప్రశ్నకూ దారి దొరుకుతుంది.

అనుమానితులు ముగ్గురు. మొదటిది దెబ్బతిన్న స్పీకరు. దానికి పాత చరిత్రే ఉంది. 1951లో మెంఫిస్‌లో 'రాకెట్ 88' రికార్డు చేసేటప్పుడు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయరు దారిలోనే దెబ్బతింది. శామ్ ఫిలిప్స్ దాని స్పీకరులో కాగితం కుక్కి అలాగే రికార్డు చేశాడు. 1958లో 'రంబుల్' కోసం లింక్ రే స్పీకరుకు పెన్సిలుతో తూట్లు పొడిచాడు. రెండో అనుమానితుడు, తట్టుకోలేనంత గట్టిగా మోగించిన వాల్వు ఆంప్లిఫయరు. మూడోది స్టూడియోలో అన్ని మైకులూ వచ్చి కలిసే మిక్సింగ్ కన్సోలు.

మొదటి ఆనవాలు వెతకనక్కర్లేదు. ఆ నడుమ భాగంలో బొంగురుపోయింది గిటారు ఒక్కటే, మిగతా వాద్యాలు శుభ్రంగా ఉన్నాయి. కదిరి తిరునాళ్లలో మైకుసెట్టు అరిచినప్పుడు గమనించండి. పాట, డప్పు, తప్పిపోయిన పిల్లవాడి కోసం ప్రకటన, అన్నీ ఒకేలా గరగరలాడతాయి. ఎందుకంటే అన్నీ కలిసిపోయిన తరువాత యంత్రం తట్టుకోలేకపోయింది. ఇక్కడ అలా జరగలేదు కాబట్టి టేపు రికార్డరు నిర్దోషి. తప్పు అన్నీ కలవకముందే, గిటారు ఒంటరిగా ప్రయాణించిన దారిలో జరిగింది.

రెండో ఆనవాలు అన్నింటికంటే విలువైనది. దాన్ని పట్టుకోవాలంటే స్వరం మొదలు కాదు, తోక వినాలి.

గిటారు తీగ మీటగానే గట్టిగా మోగి క్రమంగా సన్నగిల్లుతుంది. చిరిగిన స్పీకరు గట్టి శబ్దానికే గరగరలాడుతుంది, శబ్దం తగ్గేకొద్దీ చిరుగు అంచులు కొట్టుకోవడం మానేస్తాయి. మితిమీరి మోగించిన వాల్వు ఆంప్లిఫయరూ అంతే. దానిలో తలలు తెగేది పెద్ద అలలకే, చిన్న అలలు తెగకుండా దాటిపోతాయి. కనుక ఈ ఇద్దరిలో ఎవరు దోషి అయినా స్వరం తోక నున్నబడాలి. రికార్డులో జరిగేది దానికి తలకిందులు. స్వరం సన్నగిల్లేకొద్దీ చిటపటలాడి, ఎవరో గొంతు నొక్కినట్టు టక్కున ఆగిపోతుంది. అంటే ఆ దారిలో ఉన్న పరికరం పెద్ద అలలను ముక్కలు చేయడమే కాదు, చిన్న అలలను అసలు దాటనివ్వడం లేదు.

ఇది ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు గుర్తుపట్టే జబ్బు. వాల్వుకైనా ట్రాన్సిస్టరుకైనా మెలకువగా ఉండటానికి నిలకడైన వోల్టేజి కావాలి. దాన్నే బయాస్ అంటారు. అది పడిపోతే పరికరం నిద్రలోకి జారుతుంది. గట్టిగా తడితేనే లేస్తుంది, మెల్లగా పిలిస్తే పలకదు. చిరిగిన అట్టకు ఈ లక్షణం ఉండదు. కాబట్టి స్పీకరును విడిచిపెట్టవచ్చు. చూపు కన్సోలులో గిటారు ఒక్కటే వచ్చే దారి వైపు తిరుగుతుంది.

ఇక్కడ సాక్షి దొరుకుతాడు. నాష్‌విల్‌లో బ్రాడ్లీల క్వాన్సెట్ హట్ స్టూడియోలో ఆ పాట రికార్డు చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ. గిటారు వచ్చే ఛానెల్‌లోని ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయిందని ఆయనే చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట దెబ్బతింటే దాన్ని ఆనుకున్న వాల్వుకు అందాల్సిన వోల్టేజీ అందదు. రెండో ఆనవాలు చూపించిన జబ్బు సరిగ్గా అదే. స్నాడీ ఆ చెడ్డ భాగాన్ని పారేయలేదు. అదే ఏడాది ఆ శబ్దంతో గ్రేడీ మార్టిన్ 'ది ఫజ్' అనే వాద్యగీతమే చేశాడు. చివరికి ఆ భాగం పూర్తిగా చచ్చిపోయింది, దానితో ఆ శబ్దమూ పోయింది. ఇది కూడా సాక్ష్యమే. ఆంప్లిఫయరుదో వాయించే చేతిదో అయితే మళ్లీ పుట్టేది కదా!

పోయిన శబ్దం కోసం జనం అడుగుతుంటే స్నాడీ, రెవిస్ హాబ్స్ అనే మరో ఇంజనీరు కలిసి ట్రాన్సిస్టర్లతో, కాలితో తొక్కే పెట్టెగా దాన్ని మళ్లీ కట్టారు. 1962లో గిబ్సన్ మాతృసంస్థ దాన్ని 'మాయెస్ట్రో ఫజ్-టోన్' పేరుతో అమ్మకానికి పెట్టింది. లోపల మూడు జర్మేనియం ట్రాన్సిస్టర్లు, 3 వోల్టుల బ్యాటరీ. మీటనప్పుడు ఆ ట్రాన్సిస్టర్లు దాదాపు నిద్రలోనే ఉంటాయి. అందుకే దాని స్వరమూ టక్కునే తెగుతుంది. జబ్బును అర్థం చేసుకుని, ఆ జబ్బునే కావాలని కట్టారన్నమాట. నా దృష్టిలో తీర్పు చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు. 1965లో కీత్ రిచర్డ్స్ 'శాటిస్‌ఫాక్షన్' పాటకు దీన్ని తొక్కాక దుకాణాల్లో పెట్టెలు మిగల్లేదు.

చెడిపోయిన శబ్దం చెవికి ఎందుకు ఇంపయింది? ఈ ప్రశ్నకు జవాబు మనకు ఎప్పటినుంచో దగ్గరగానే ఉంది. తంబురా గుర్రం మీద తీగ కింద చిన్న దారం పెట్టి జరిపితే జీవాళి పలుకుతుంది. తీగ గుర్రానికి రాసుకుంటూ కంపించి, మీటులో లేని అనుస్వరాలను పుట్టిస్తుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో దీని మీద వ్యాసం రాశారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఏ అనుస్వరం రాకూడదని పాత సూత్రం చెబుతుందో, తంబురాలో, వీణలో అదే గట్టిగా వినిపిస్తుందని చూపించారు. నాష్‌విల్ ట్రాన్స్‌ఫార్మర్ చేసిందీ అనుస్వరాలను పుట్టించడమే. అయితే ఒక తేడా ఉంది. రెండు స్వరాలు కలిపి డిస్టార్షన్‌లోకి పంపితే వాటి మొత్తం, తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. షడ్జమం, పంచమం 2:3 నిష్పత్తిలో ఉంటాయి. తేడా 1, అంటే కింది స్థాయి షడ్జమమే. అందుకే రాక్ గిటారులో స-ప జంట అంత నిండుగా నిలబడుతుంది. గాంధారం కూడా చేర్చి చూడండి, పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగక బురద అవుతుంది. గ్రేడీ మార్టిన్ ఒక్కో స్వరమే వాయించాడు, అది కలిసొచ్చింది.

ఇక అనంతపురం గదిలోకి వద్దాం. ఈగల రొదకు కారణం చాలాసార్లు గెయిన్ కాదు, స్పీకరు లేకపోవడం. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైన శబ్దాన్ని బాగా అణిచేస్తుంది. పెడల్‌ను నేరుగా ఇంటర్‌ఫేసుకు కలిపితే ఆ పైనున్న గరుకంతా రికార్డులోకి వస్తుంది. స్పీకరు ముందు మైకు పెట్టండి, లేదా సాఫ్ట్‌వేరులో కాబినెట్ సిమ్యులేషన్ వాడండి. గెయిన్ వాయించేటప్పటికంటే తగ్గించి, అదే భాగం రెండుసార్లు వాయించి ఎడమకొకటి, కుడికొకటి పెడితే బరువు దానంతటదే వస్తుంది. డిస్టార్షన్ లేని ట్రాక్ కూడా విడిగా దాచుకుంటే రేపు మనసు మారినా మళ్లీ వాయించనక్కర్లేదు.

జర్మేనియం ఫజ్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే జర్మేనియం ట్రాన్సిస్టరులో కారే కరెంటు రెట్టింపవుతుంది, బయాస్ జారిపోతుంది. మే నెలలో మన మిట్టమధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. ఆ పెట్టె నిన్న రాత్రి పలికినట్టు పలకదు. తెల్లవారుజామునే రికార్డు చేసుకోండి, లేదా సిలికాన్ పెడల్ తెచ్చుకోండి.

రికార్డు నచ్చకపోతే గెయిన్ బొత్తాం ముట్టకముందు ఒక్క స్వరం మీటి, అది ఆగేదాకా వినండి. తోక నున్నబడుతుంటే ఆంప్లిఫయరు తన పని తాను చేస్తోంది. టక్కున తెగుతుంటే బ్యాటరీ, బయాస్ చూడండి. స్వరం ఆగాక కూడా రొద మిగిలితే అది చాలాసార్లు గదిలోని కరెంటుది. అప్పుడు ముందు ఎర్తింగ్ సరిచేయించండి.