అండమాన్ దీవులలో వేసవి - గాలిని నమ్ముకున్న ఇళ్లు

వేసవి తాపాన్ని తక్కువ ఖర్చుతో తగ్గించుకునే ఉపాయాలకు తెలుగునేల మీద సుదీర్ఘమైన చరిత్ర ఉంది. శాతవాహన ప్రభువు హాలుడు సంకలనం చేసిన గాథాసప్తశతిలో బాటసారుల దోసిలిలో నీళ్లు పోసే ప్రపాపాలిక కనిపిస్తుంది. నేటికీ చైత్ర వైశాఖ మాసాలలో మన ఊళ్ల కూడళ్లలో వెలసే చలివేంద్రాలు ఆ సంప్రదాయానికి కొనసాగింపే. ద్వారాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లడం, మట్టికుండను తడి ఇసుక మీద నిలపడం, సాయంత్రం వాకిలి తడిపి ఆరుబయట మంచాలు వాల్చుకోవడం మన పెద్దలు అనుసరించిన పద్ధతులు. వీటన్నింటికీ ఆధారం నీరు. నీరు ఆవిరి అవుతూ పరిసరాలలోని వేడిని తనతో తీసుకుపోతుంది. పల్నాటిలోనో, తెలంగాణలోనో ఎండ ఎంత తీవ్రమైనా గాలి పొడిగా ఉంటుంది కనుక ఈ ఉపాయాలు ఫలించాయి.

బంగాళాఖాతం దాటి అండమాన్ దీవులకు చేరిన తెలుగువాడికి మాత్రం ఈ విద్య అంతగా అక్కరకు రాదు. అక్కడి వేసవి స్వభావమే వేరు. పోర్టు బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరులో ఈ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) మార్చి, ఏప్రిల్ నెలలలో సైతం పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 32, 33 డిగ్రీలను మించదు. రెంటచింతల 44 డిగ్రీలతో పోల్చితే ఇది వేసవే కాదనిపిస్తుంది. అయితే గాలిలో తేమ ఎనభై శాతం దాకా ఉంటుంది. 44 డిగ్రీల వేడిలో తేమ ఇరవై శాతమే ఉన్నప్పుడు తడిగుడ్డ దాదాపు 25 డిగ్రీలకు చల్లబడుతుంది. 32 డిగ్రీల వేడిలో తేమ ఎనభై శాతం ఉంటే అదే తడిగుడ్డ మూడు డిగ్రీలకు మించి చల్లబడదు. కుండలో నీరు చల్లబడదు, ఒంటిమీద చెమట ఆరదు. పైగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు వానలు బాగా తగ్గిపోయే ఈ దీవులలో వేసవికాలపు మంచినీటి కొరత అందరికీ అనుభవమే. చుట్టూ సముద్రం ఉన్నా వాకిట చల్లడానికి మంచినీరు ఉండదు. అందువల్ల ఇక్కడ ఉచితంగా దొరికే చల్లదనం గాలి ఒక్కటే. దానిని ఎవరు తమ ఇంటిలోకి రానిచ్చారు, ఎవరికి అది అందకుండా పోయింది అని పరిశీలిస్తే ఈ దీవుల చరిత్రలో ఒక ముఖ్యమైన పార్శ్వం కనిపిస్తుంది.

ఆదివాసుల విజ్ఞానం

ఈ విషయాన్ని ముందుగా గ్రహించినవారు ఇక్కడి ఆదివాసులు. అండమాన్ తెగలవారు తెల్లని బంకమట్టిని నీటితో కలిపి ఒంటికి పూసుకునే ఆచారాన్ని పందొమ్మిదో శతాబ్ది నుంచీ పరిశీలకులు నమోదు చేశారు. అలంకారానికి, ఆచారానికి తోడు వేడిని తట్టుకోవడం కూడా ఈ పూత ప్రయోజనాలలో ఒకటిగా చెప్పబడింది. లిటిల్ అండమాన్‌లోని ఓంగేలు తేనెపట్టు ఆకారంలో పెద్ద ఉమ్మడి గుడిసెలు నిర్మించుకునేవారు.

గృహనిర్మాణంలో వీరందరికంటె నేర్పు చూపినవారు నికోబారీలు. కార్ నికోబార్ ద్వీపంలోని సంప్రదాయ గృహం గుండ్రని గుమ్మటంలా ఉంటుంది. దానిని నేలకు ఐదారు అడుగుల ఎత్తున బలమైన గుంజల మీద నిలుపుతారు. మందంగా పరచిన గడ్డి కప్పు దాదాపు అరుగు దాకా దిగి వస్తుంది. కిటికీలు లేని ఆ ఇంటిని తొలిసారి చూసినవారికి లోపల ఉక్కిరిబిక్కిరి అవుతుందేమో అన్న సందేహం కలుగుతుంది. కాని ఆ ఇంటి రహస్యమంతా నేలలో ఉంది. సన్నని బద్దలను సందులు వదిలి పేర్చిన ఆ నేల గుండా కింది నుంచి గాలి పైకి వస్తుంది. మందపాటి గడ్డి ఎండ వేడిని లోపలికి దిగనివ్వదు. నిచ్చెన ఎక్కి నేలలోని ద్వారం గుండానే ఇంటిలోకి ప్రవేశించాలి. పగటివేళ ఇంటిల్లిపాదీ ఇంటి కిందనే కాలక్షేపం చేస్తారు. అక్కడ నీడ ఉంటుంది, నాలుగు వైపుల నుంచీ గాలి వస్తుంది. తుహేత్ అనబడే ఉమ్మడి కుటుంబం పనిపాటలు, పిల్లల ఆటలు, పెద్దల విశ్రాంతి అన్నీ ఆ నీడలోనే సాగేవి. ఇందులో కొని తెచ్చిన వస్తువు దాదాపు లేదు. గడ్డి, కొయ్య, వెదురు, బంధువుల శ్రమ, ఇవే పెట్టుబడి.

పాలకులకు గాలి, ఖైదీలకు గది

ఆంగ్లేయులు ఈ పాఠాన్ని చాలా నష్టపోయి నేర్చుకున్నారు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథం ద్వీపంలో స్థాపించిన మొదటి వలసను 1792లో ఉత్తర అండమాన్‌కు తరలించారు. వ్యాధులు ప్రబలి మరణాలు పెరగడంతో 1796లో దానిని పూర్తిగా వదలివేశారు. మొదటి స్వాతంత్ర్య సంగ్రామం తరువాత 1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ రెండువందల మంది ఖైదీలతో వచ్చి శిక్షావలసను నెలకొల్పాడు. పాలనా కేంద్రంగా రూపొందిన రాస్ ద్వీపం రేవు ముఖద్వారంలో, సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న చిన్న దీవి. 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు మార్చిన ఈ దీవిలో ఆనాటి భవనాల గోడలను మర్రి వేళ్లు చుట్టుకొని ఉన్న దృశ్యం యాత్రికులకు సుపరిచితమే.

ఆ గాలి కూడా చాలనప్పుడు పాలకులు కొండ ఎక్కారు. పోర్టు బ్లెయిర్‌కు ఎదురుగా ఉన్న మౌంట్ హారియట్ ఎత్తు 383 మీటర్లు. తీరంకంటె అక్కడ ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గుతుంది, గాలికి అడ్డు ఉండదు. చీఫ్ కమిషనరుకు అది వేసవి విడిది అయింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో ఆ కొండ ఎక్కినది, అది ఆరోగ్య విడిదికి పనికివస్తుందో లేదో స్వయంగా చూడడానికే. సూర్యాస్తమయం చూసి దిగివచ్చి, హోప్‌టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ కత్తికి ఆయన బలి అయ్యాడు. 1891 యుద్ధానంతరం మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన అనుచరులను ఈ ప్రాంతానికే ప్రవాసం పంపారు. వారి స్మృత్యర్థం 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు.

కొండ దిగువన ఖైదీ స్థితి ఏమిటి? అధికారుల ఇళ్లలో సేవకులుగా ఖైదీలనే నియమించేవారు. పంకా తాడు లాగడం ఆనాటి తెల్లదొరల కొలువులో ఒక భాగం. ఒకరికి గాలి విసరడానికి మరొకరు చెమటోడ్చడమే ఆ వ్యవస్థ లక్షణం. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో ఒక్కొక్క గది నాలుగున్నర మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు. నేలకు మూడు మీటర్ల ఎత్తున ఒక చిన్న గవాక్షం, ముందువైపు ఇనుప ఊచల తలుపు. కొబ్బరినూనె గానుగకు ఎద్దులకు మారుగా మనుషులను కట్టి, రోజుకు ముప్పై పౌన్ల నూనె తీయమని నిర్బంధించేవారు. తేమతో బరువెక్కిన గాలిలో అంతటి శ్రమ ప్రాణాంతకమని వేరే చెప్పనక్కరలేదు. 1879-80 నాటి రంప పితూరీలోను, 1922-24 నాటి మన్యం పోరాటంలోను శిక్ష పడి ఈ దీవులకు వచ్చిన మన గిరిజనులకు చల్లని కొండగాలి పుట్టుకతోనే అలవాటు. వారి శిక్షలో ఆ గాలి లేకపోవడం కూడా ఒక భాగమే.

తెలుగువారి పాకలు

స్వాతంత్ర్యానంతరం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మత్స్యకారులు, కూలీలు, చిరు వ్యాపారులు, ఉద్యోగులు పెద్ద సంఖ్యలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో దాదాపు పదమూడు శాతం మంది మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ వంటి పేటలలో నేటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది.

వీరు స్వగ్రామాలలో తాటాకు పాకల కింద పెరిగినవారు. ఇక్కడ తాడిచెట్టుకు బదులు అడవిలోని సలాయి పత్తా, మడ అడవుల అంచున పెరిగే ధనిపత్తీ ఆకులు ఇంటికప్పుగా దొరికాయి. ఆకు మారినా నేర్పు మారలేదు. కప్పు మందంగా ఉండాలి, చూరు బాగా దిగాలి, ఇంటికి ఎదురెదురుగా గుమ్మాలు ఉండాలి అన్న పెద్దల సూత్రాలు ఇక్కడా పనికివచ్చాయి. స్థానికుల చెక్క ఇళ్లను చూసి కొందరు నేలను కూడా గుంజల మీదికి ఎత్తుకున్నారు. ఆహారంలోను ఇదే పొదుపు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం, చోడి అంబలి, గంజి, ఉల్లిపాయ, వీటితో వేటకు వెళ్లేవారి వేసవి గడిచిపోతుంది. కొబ్బరిబోండానికి కొదవ లేదు. చెమట రూపంలో పోయిన ఉప్పును, నీటిని తిరిగి ఒంటికి అందించడానికి ఇంతకంటె చౌకైన మార్గం వైద్యులు కూడా చెప్పలేరు.

రేకుల కాలం

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ కథను మార్చివేసింది. కార్ నికోబార్ తీరగ్రామాలు కొట్టుకుపోయాయి. వానకాలం ముంచుకు వచ్చేలోగా వేలాది కుటుంబాలకు తలదాచుకునే చోటు చూపవలసి ఉంది. ఓడలలో త్వరగా చేరవేయగలిగినది, త్వరగా నిలబెట్టగలిగినది ఇనుప రేకు. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టడం తేలిక. ఆ రోజులలో మరొక మార్గం చూపడం మాత్రం కష్టం. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్తగా చేరినవాడిని. ఒక శిబిరంలో ఇళ్ల జాబితా సరిచూడడానికి మధ్యాహ్నం వెళ్లినప్పుడు రేకుల గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. కేటాయింపు జరిగినా జనం చేరలేదని రాసుకోబోయాను. చెట్టు కింద కూర్చున్న తెలుగు వృద్ధురాలు ఒకామె నన్ను పిలిచి, "పగలు సెట్టుకిందే ఉంటన్నాం బాబూ, ఆ ఇల్లు రాత్రికే పనికొస్తాది" అన్నది. నా జాబితాలో "నివాసం ఉన్నారు", "లేరు" అన్న రెండు గడులే ఉన్నాయి. ఆమె చెప్పిన సమాధానానికి గడి లేదు.

చరిత్ర విద్యార్థిగా గుంజల ఇళ్ల గురించి చదివినవాడినే. అయినా ఆ క్షణంలో నాకు గుర్తుకు వచ్చినవి నిబంధనలే. నికోబారీలు తరతరాలుగా పగలంతా ఇంటి కింద గడిపారన్న విషయం, రేకుల గదికి ఆ "కింద" అన్నదే లేదన్న విషయం తరువాత ఎప్పటికో స్ఫురించాయి.

ఇప్పుడు ఆ శిబిరాలు లేవు. కాని వాటి పాఠం మిగిలే ఉంది. ఆకుల కప్పు, చెక్క గోడ క్రమంగా కనుమరుగు అవుతున్నాయి. అడవుల నరికివేతపై సుప్రీంకోర్టు 2002లో విధించిన ఆంక్షలు ఈ దీవుల మనుగడకు అత్యవసరమైనవే. అయితే కలప స్థానంలో వచ్చిన సిమెంటు కప్పు పగటి వేడిని దాచుకొని రాత్రి విడుస్తుంది. అప్పుడు విద్యుత్తు కావాలి. ఇక్కడి విద్యుత్తులో అధికభాగం ఓడలలో వచ్చే డీజిలుతో ఉత్పత్తి అవుతున్నది. ఒక గదిని యంత్రంతో చల్లబరచడానికి ఇక్కడ అయ్యే అసలు ఖర్చు బిల్లులో కనిపించే దానికంటె చాలా ఎక్కువ. ఆ భారం ప్రజాధనం మీదనే పడుతుంది.

పాత గుడిసెలకు తిరిగి పొమ్మని ఎవరినీ కోరలేము. పక్కా ఇల్లు పేదవాడి న్యాయమైన కోరిక. కాని ఎదురెదురు కిటికీలు, వెడల్పైన చూరు, సున్నం పూసిన కప్పు, కాస్త ఎత్తైన పునాది, వాకిట ఒక కొబ్బరిచెట్టు, వీటిని నిర్మాణ పటంలో మొదటే చేర్చితే అదనపు వ్యయం స్వల్పం. జంగ్లీఘాట్ పరిసరాలలో ఒక ఇంటి రేకుల మీద కొబ్బరిమట్టలు పరచి, గాలికి ఎగిరిపోకుండా పాత చేపల వలను బిగించి కట్టడం చూశాను. ఏ పథకమూ ఆ కుటుంబానికి ఆ సలహా ఇవ్వలేదు. ఇళ్లు కట్టించే బాధ్యత ఉన్న మనం గుత్తేదారుకు పటం అందించే ముందు అటువంటి ఇంటివారిని ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది. మధ్యాహ్నం రెండు గంటలకు మీరు ఎక్కడ కూర్చుంటారు అన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలు.